ఒకటిన్నరకి విచ్చుకునే పూలు

పెళ్లయి నాలుగు నెలలు. అందులో మొగుడి పక్కన కూర్చుని టీ తాగిన రోజులు పందొమ్మిది. ఈ లెక్క పిచ్చుకకి నోటికొచ్చు. ఎవరైనా అడిగితే బాగుండునని కూడా ఉంటుంది గానీ ఎవరూ అడగరు.

పిచ్చుక అసలు పేరు కాదు. వరి పరిశోధన కేంద్రంలో ఉద్యోగానికి చేరిన మొదటి వారంలోనే పెద్దక్క పెట్టిన పేరు. పొద్దున్నే మడి గట్టున చిన్న స్టూలు వేసుకుని, మెడ వంచి, సన్నటి ఫోర్సెప్స్‌తో వరికంకిలో ఒక్కో పువ్వునీ పొడుస్తూ కూర్చుంటుంది కదా, అది చూసి "పిచ్చుకల్ని తోలలేక మేము డబ్బాలు వాయించుకుంటుంటే, జీతమిచ్చి మరీ ఇంకో పిచ్చుకని దింపారేమిటమ్మా!" అంది పెద్దక్క. అంతే, పేరు స్థిరపడిపోయింది. పెద్దక్క ముప్పై ఏళ్లుగా అక్కడ వరిపూలని సంకరం చేస్తున్న మనిషి. చదువు అంతంతమాత్రం. ఆమె వేళ్లకి కళ్లున్నాయంటారు.

మొగుడున్నది కొండమీద. అదీ ఈ కేంద్రానికి చెందిన పొలమే. జీపులో తొమ్మిది గంటల దారి. చలిదేశపు వరిరకాలు నాలుగువందలు అక్కడ పెరుగుతాయి. వాటిని పెంచడం, కొలవడం, విత్తనం చెడకుండా చూడడం అతని పని. నెలకోసారి వస్తాడు. వచ్చినప్పుడు ఆ ఒంటిగది ఇల్లు ఇరుకైపోతుంది. వెళ్లాక అదే గదిలో నడిస్తే చప్పుడు వినిపిస్తుంది. తలుపు వెనక రెండు కొక్కేలు, ఒకటి ఖాళీ. గూట్లో రెండు కప్పులు. ఒక్క కప్పే కడగడం ఇష్టంలేక పిచ్చుక తన టీని రెండింట్లోనూ సగం సగం పోసుకుని, ముందు ఇది, తరవాత అది తాగేది. ఇది మాత్రం ఎవరడిగినా చెప్పదు.

వాళ్ల పెళ్లికి సంబంధం కుదిర్చింది మూడువందల పదిహేడో నంబరు.

అదెలాగంటే, పిచ్చుక అసలు పని పటం గీయడం. ఒక్కో వరిరకం నుంచి వేలెడు ఆకుముక్క వస్తుంది. దాన్ని నూరి, డీఎన్‌ఏ తీసి, ఏ రకానికి ఏ రకం ఎంత దగ్గరో, ఎంత దూరమో లెక్కగట్టి, వంశవృక్షంలా కొమ్మలూ రెమ్మలూ గీయాలి. గీస్తే ఏం తేలిందీ? రైతులు వేసే పేరున్న రకాలు పన్నెండూ ఒకే కొమ్మ మీద భుజాలు రాసుకుంటూ కూర్చున్నాయి. అన్నీ ఇద్దరు అమ్మమ్మల మనవరాళ్లే. వాటిలో వాటిని ఎన్నిసార్లు కలిపినా అదే ముక్కు, అదే మొహం. కిందటేడు సరిగ్గా పూత వేళకి చలిగాలి తిరిగింది. పన్నెండు రకాలూ పన్నెండు రకాలే తాలు పోయాయి. కంకి చూస్తే నిండుగా ఉంటుంది, గింజ నలిపితే ఒట్టి పొట్టు.

పటంలో మూడువందల పదిహేడు మాత్రం ఎవరితోనూ కలవకుండా, పెళ్లిలో తెలిసినవాళ్లు లేని అతిథిలా, ఓ మూల ఒంటరిగా కూర్చుంది. ఆకులు పంపేది కొండమీది ఆయన. పిచ్చుక ఫోను చేసి కడిగేసింది.

"ఏమండీ, వరి ఆకు పంపమంటే గడ్డి ఆకు పంపారా?"

"గడ్డయితే నాకు పని తగ్గేదండీ. అది వరే. మళ్లీ పంపుతా, మళ్లీ చూడండి."

మళ్లీ పంపాడు. మళ్లీ అదే మూల. మూడోసారీ అంతే. నాలుగోసారి ఆకు కవరు పట్టుకుని తనే దిగాడు. "దీనికి చుట్టాలు లేరంటే మీరు నమ్మరు. నాకూ పెద్దగా లేరు. ఇద్దర్నీ ఒకేసారి పరీక్ష చేసుకోండి" అన్నాడు. ఆ మాటకి పిచ్చుక చేతిలో ఉన్న గాజుగొట్టం పగిలింది. మిగతాది కేంద్రమంతా కథలు కథలుగా చెప్పుకుంటుంది.

మూడువందల పదిహేడు అందగత్తె కాదు. పొట్టిది, గింజ ఎర్రది, దిగుబడి అడక్కండి. కానీ పూత మీద ఉండగా చలి కొట్టినా గింజ పట్టడం మానదు. దాని మొండితనం తెచ్చి పన్నెండింట్లో మేలైన ఐదో రకానికి ఇవ్వగలిగితే రైతు బతుకుతాడు. ఈ మాటే పిచ్చుక పెద్ద మేడం దగ్గర పెట్టింది. పెద్ద మేడం కేంద్రానికి పెద్ద. కళ్లజోడు పైనుంచి చూస్తే తప్పు చేయనివాళ్లు కూడా ఒప్పేసుకుంటారు.

"ఏమ్మా, రకాన్ని చూసి ఎంచావా, మొగుణ్ణి చూసి ఎంచావా?"

"పటం చూసి ఎంచానండీ. పటం గీసేనాటికి నాకు మొగుడు లేడు."

"లాయరువి కావాల్సింది. ఐదూ తొమ్మిదీ కలిపితే గింజ పట్టడం ఖాయం. ఇంత దూరపు సంబంధం ఎందుకు?"

"అది మేనరికమండీ. ఇంకో ఇరవై ఏళ్లు కలిపినా ఆ ఇంటి రోగం ఆ ఇంట్లోనే ఉంటుంది."

పెద్ద మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఆవిడ మెత్తబడ్డదనడానికి గుర్తు అదొక్కటే.

"సరే. ఒక్క అవకాశం. గింజ పట్టిందా, ఆ గింజ పట్టుకుని నువ్వే కొండెక్కు. చలిలో పెంచి వడపోయడానికి ఐదారు పంటలు పడుతుంది, అక్కడే ఉండు. పట్టలేదా, ఐదూ తొమ్మిదే. నీ పటం గోడకి, నువ్వు ఇక్కడే."

ఐదారు పంటలు! పిచ్చుక మెట్లు దిగుతూ లెక్కేసింది. ఏడాదికి రెండు చొప్పున మూడేళ్లు. మూడేళ్లు రెండు కప్పులూ నిండుగా.

అయితే ఒక చిక్కుంది. మూడువందల పదిహేడు ఈ వేడిలో పూతకే రాదు. రెండుసార్లు నాటి చూశారు, ఆకులేసి ఊరుకుంది. పోనీ కొండమీద పూసినప్పుడు పుప్పొడి పంపించుకుందామంటే వరి పుప్పొడి ప్రాణం ఐదు నిమిషాలు. అందుకని పూతకొచ్చిన మొక్కే రావాలి, కుండీతో సహా. ఇక్కడ ఐదో రకం చివరి విడత కంకులు తొంగిచూస్తున్నాయి. వాటి తరవాత మళ్లీ వచ్చే ఏడే.

"ఎల్లుండి సాయంత్రం జీపులో కుండీ తెస్తున్నా" అన్నాడు మొగుడు ఫోన్లో. "నేను కూడా కుండీతో పాటే వస్తా, దించి వెళ్లిపోమనకు."

ఫోను వచ్చింది ఒకటిన్నరకి. ఎప్పుడూ ఒకటిన్నరకే. దాని మీద వాళ్లకి మొదటి పోట్లాట. పిచ్చుకకి మధ్యాహ్నం అన్నం వేళ పన్నెండు. మొదట్లో పన్నెండింటికి తను చేసేది. ఎత్తేవాడు కాదు. ఎప్పుడైనా గదికొచ్చి ఎత్తినా "పూలు విచ్చుకుంటున్నాయి, లెక్క రాస్తున్నా, ఒకటిన్నర ప్రాంతంలో చేస్తా" అనేవాడు. పూలకున్న విలువ తనకి లేదని పిచ్చుక అలిగింది, ఏడ్చింది, చివరికి తన అన్నం వేళే మార్చుకుంది. ఇప్పుడు పన్నెండున్నర నుంచీ క్యారియర్ ముందు పెట్టుకుని, మూత తీయకుండా, ఫోను వంక చూస్తూ కూర్చుంటుంది. "ఆ అన్నానికి ఫోనొస్తే గానీ ఉప్పు చాలదమ్మా" అని పెద్దక్క వేళాకోళం.

ఎల్లుండి అంటే రెండు రోజులు. పిచ్చుక దుప్పటి ఉతికింది, ఆరేసింది, ఆరాక మళ్లీ వాసన చూసుకుని మళ్లీ ఉతికింది. ఖాళీ కొక్కేన్ని గుడ్డపెట్టి తుడిచింది. కొక్కేన్ని తుడిచే మనిషి లోకంలో ఇంకెవరైనా ఉంటారా అని తనలో తనే నవ్వుకుంది.

మూడో రోజు మధ్యాహ్నం నాలుగింటికి పిచ్చుకా పెద్దక్కా ఐదో రకం కంకుల ముందు కూర్చున్నారు. వరిపువ్వులో ఆడా మగా ఒకే గదిలో కాపురముంటాయి. బయటి పుప్పొడి వేయాలంటే ముందురోజే లోపలి మగకేసరాలు ఆరింటినీ తీసేయాలి. పువ్వు కొస కత్తెరతో కత్తిరించడం, ఫోర్సెప్స్‌తో ఒక్కోటీ లాగడం. ఒక్కటి మిగిలినా సొంత పుప్పొడే పడి మోసం జరుగుతుంది. రెండు కంకుల్లో నలభై రెండు పూలు తయారుచేసి కాగితం సంచులు తొడిగారు. మూడో కంకికి కూడా కేసరాలు తీసి, సంచి తొడిగి, ఏ పుప్పొడీ వేయకుండా వదిలేశారు. రేపు దాంట్లో గింజ కనిపిస్తే వీళ్ల చేతిపని తప్పు. కనిపించకపోతే ఒప్పు.

"మాటిమాటికీ గేటు వంక చూస్తావేమమ్మా?" అంది పెద్దక్క.

"గాలికి గేటు చప్పుడైంది."

"ఆకు కదల్లేదు, నీకొక్కదానికే వీస్తోందా?"

జీపు ఆరింటికి వచ్చింది. పిచ్చుక గేటు దాకా నడిచానని అనుకుంది గానీ చూసినవాళ్లు పరుగనే చెబుతారు. డ్రైవరు దిగాడు. వెనక తలుపు తీశాడు. సీటు మీద, నడుముకి తాడు కట్టించుకుని, బుద్ధిగా కూర్చుని ఉంది కుండీ. పక్కన ఎవరూ లేరు.

"బావగారు రాలేదమ్మా" అన్నాడు డ్రైవరు. తనే నేరం చేసినట్టు నేల చూస్తున్నాడు. "పైన ఇవాళ్టి నుంచీ వారం చలి ముదురుతుందన్నారు. ఏ రకం నిలబడుతుందో, ఏది తాలు పోతుందో చూసేది ఈ ఒక్క వారమేనట. జీపెక్కి కూర్చుని కూడా దిగిపోయారు. దారిలో మూడుసార్లు ఫోను, కుండీకి కుదుపు తగలనివ్వొద్దని. నాకు నడుం పట్టేసిందంటే మాత్రం ఊ అని ఊరుకున్నారు."

పిచ్చుక నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. కుండీకి చుట్టూ బూడిదరంగు స్వెట్టర్ చుట్టి ఉంది, చేతులు ముందుకి ముడేసి. జేబులో చీటీ. "చల్లటి నీళ్లు పొయ్యి. కంకి పైనుంచి కిందికి పూస్తుంది, ఇంకా సగముంది. స్వెట్టర్ ఉతికి పెట్టు, వచ్చి తీసుకుంటా."

స్వెట్టర్ ఉతకలేదు. తుడిచిన కొక్కేనికి తగిలించింది. గదంతా కాస్త మట్టివాసన, కాస్త మనిషివాసన.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికే కుండీని ఐదో రకం పక్కన పెట్టారు. వరిపూలు విచ్చుకునేది పదికీ పదకొండుకీ మధ్య. కేంద్రంలో పని వేళలు, టీ వేళలు అన్నీ దాన్నిబట్టే. పది దాటింది. చుట్టూ మడుల్లో పూలు నోళ్లు తెరిచి పసుపు కేసరాలు వేలాడేశాయి. కుండీలోది పెదవి విప్పలేదు. పదకొండు. మడుల్లో పూలు మూసుకోవడం మొదలుపెట్టాయి. కుండీలోది అలాగే ఉంది.

పదకొండున్నరకి పెద్ద మేడం వచ్చి చూసింది.

"తొమ్మిది గంటల ప్రయాణం, పైగా ఈ వేడి. పూలు లోపలే మాడిపోయి ఉంటాయమ్మా. కేసరాలు తీసిన పూలు రేపటి దాకా ఆగుతాయి. రేపు పొద్దున తొమ్మిదో రకం పుప్పొడి వేసేయండి. నలభై రెండు పూలు వృథా చేయలేం."

గొంతులో కోపం లేదు. అదే కష్టమైంది. కోప్పడితే వాదించొచ్చు.

కొండమీదకి ఫోను చేసింది. పొలంలో ఉన్నాడు, ఎత్తలేదు. కూలివాళ్లు బుట్టలు సర్దుకుని నీడకి పోయారు. పెద్దక్క స్టూలు మడిచింది.

"లేమ్మా. పూలకి మనమీద దయ రావాలి గానీ, మనం చూస్తే విచ్చుకుంటాయా? అన్నం తిందాం పద."

"నాకు అన్నం వేళ కాలేదక్కా" అంది పిచ్చుక, అలవాటు మాట.

అని, ఆగిపోయింది.

తనకి అన్నం వేళ ఎందుకు కాలేదు? ఒకటిన్నర కాలేదు కాబట్టి. ఒకటిన్నర దాకా ఆయనెందుకు చేయడు? పూలు విచ్చుకుంటుంటాయి కాబట్టి. పన్నెండింటికి చేస్తే "ఇప్పుడే విచ్చుకుంటున్నాయి" అనేవాడు. నాలుగు నెలలు ఆ మాట విని అలిగింది గానీ, పన్నెండింటికి వరిపూలేమిటి, ఇక్కడ అప్పటికి మూసుకుని నిద్రపోతాయి కదా అని ఒక్కసారీ అడగలేదు. ఆయన చెప్పలేదు. పై వాళ్లకి పొద్దెక్కి మంచు విడితేనే తెల్లవారడం, అదే లోకమంతా అనుకుంటారు. ఈమె అడగలేదు. కింది వాళ్లకి పదింటికే పూత, అదే లోకమంతా అనుకుంటారు. మొగుడు పెళ్లాలిద్దరూ వరి చదువులు చదివి, ఎవరి గడియారం వాళ్లు చూసుకుంటూ కూర్చున్నారు.

"అక్కా, ఇది చావలేదు. దీనికింకా పొద్దు పొడవలేదు."

"ఎండ దెబ్బ తగిలింది నీకు" అంది పెద్దక్క. అంది గానీ మడిచిన స్టూలు మళ్లీ విప్పింది.

పన్నెండు. పన్నెండుంబావు. గొడుగు నీడలో ఇద్దరూ, మధ్యలో కుండీ. పిచ్చుకకి ఇన్నాళ్లూ తను అన్నం ముందు పెట్టుకుని చూసిన చూపే ఇదీనని అనిపించింది. ఇదే గంట, ఇదే ఎదురుచూపు. అప్పుడు ఫోను వంక, ఇప్పుడు పువ్వు వంక. పైన ఆయన కూడా ఈ గంటలో సరిగ్గా ఇలాగే వంగి, ఇలాంటి కంకినే చూస్తుంటాడు. నాలుగు నెలలుగా ఇద్దరూ ఒకే పని చేస్తున్నారన్న మాట, తొమ్మిది గంటల దూరంలో. ఆ ఊహ ఎంత తియ్యగా ఉందో, అంత పొడిచింది.

ఒంటిగంట దాటింది. ప్రయాణపు అలసటో ఏమో, కొండమీది వేళకీ గంట వెనకపడింది. పెద్దక్క కునుకు తీస్తోంది. ఒకటింబావు అయ్యాక కంకి మధ్యలో ఒక పువ్వు చిట్లింది. చప్పుడు లేదు. రెండు దొప్పలూ పిట్టముక్కులా విడి, సన్నటి కేసరం ఒకటి బయటికి తలపెట్టింది. దాని పక్కది. దాని కిందిది.

"అక్కా!"

ముప్పై ఏళ్ల అనుభవం కునుకులోంచి లేచి నిలబడడానికి రెండు క్షణాలు పట్టింది. పెద్దక్క సంచి తీసింది. పిచ్చుక కొండ కంకిని మెల్లగా కోసి, తలకిందులుగా పట్టుకుని, వేలితో తట్టింది. పసుపుపచ్చని దుమ్ము, ఊపిరి తగిలితే ఎగిరిపోయేంత పలచగా, ఐదో రకం పూల మీద రాలింది. పెద్దక్క గొడుగుని గాలికి అడ్డంగా తిప్పింది.

అప్పుడు మోగింది ఫోను. స్టూలు మీద. ఒకటిన్నర.

పిచ్చుక చెయ్యి ఆగలేదు. ఐదు నిమిషాలు. రెండో కంకి ఇంకా మిగిలి ఉంది.

"నేనెత్తి చెప్పనా?"

"గొడుగు కదపొద్దక్కా."

ఫోను పూర్తిగా మోగి ఆగింది. మళ్లీ మోగింది. నాలుగు నెలలుగా ఏ మోత కోసం అన్నం చల్లార్చుకుందో, ఆ మోత జానెడు దూరంలో, స్టూలు మీద వణుకుతూ, వణుకుతూ అంచుదాకా జరిగి ఆగిపోయింది. పిచ్చుక నలభై రెండో పువ్వు మీద తట్టి, సంచి తొడిగి, దారం కట్టి, అప్పుడు అందుకుంది. అప్పటికి ఆయన మళ్లీ పొలంలో ఉన్నాడు. ఫోను గదిలో.

ఆరోజు అన్నం మూడింటికి తిన్నది. ఉప్పు చాల్లేదు.

మర్నాడు ఒకటిన్నరకి ఫోనొచ్చింది.

"నిన్న రెండుసార్లు చేశా, ఎత్తలేదేం? భయపడిపోయా."

"పూలు విచ్చుకుంటున్నాయి" అంది పిచ్చుక.

ఆయన ఎంత గట్టిగా నవ్వాడంటే, పక్కనున్న పెద్దక్క "మీ ఆయనేనా, జీపు స్టార్టవుతోందా?" అని అడిగింది.

ఆ తరవాత ఇరవై ఆరు రోజులు. ఆ నెల ఆయన రాలేదు. చలి వారం రెండు వారాలైంది, తరవాత కోతలు. పిచ్చుక సంచుల్ని రోజూ చూసింది, విప్పలేదు. పెద్ద మేడం రోజూ కిటికీలోంచి పిచ్చుకని చూసింది.

ఇరవై ఏడో రోజు పొద్దున పది దాటాక ముగ్గురూ మడి దగ్గర నిలబడ్డారు. ముందు పుప్పొడి వేయని కంకి సంచి విప్పారు. ఒక్క గింజ లేదు. "చేతిపని శుభ్రం" అంది పెద్ద మేడం. తరవాత మొదటి కంకి. మూడు గింజలు. కత్తిరించిన పొట్టులోంచి సగం బయటికి, చొక్కా పొట్టిదైన పిల్లల్లా. రెండో కంకి పెద్దక్క విప్పి, వేళ్లతో తడుముతూ వెళ్లి, "ఎనిమిది" అంది.

పదకొండు.

పెద్ద మేడం కళ్లజోడు తీసి తుడుచుకుంది. ఈసారి చాలాసేపు తుడిచింది.

"కవరు మీద తల్లి నంబరు ముందు రాయి, తండ్రిది తరవాత. జీపు వచ్చే సోమవారం. మందపాటి దుప్పటి తీసుకెళ్లు, అక్కడ మొగుళ్లు వెచ్చగా ఉన్నా గదులు ఉండవు."

పిచ్చుక కవరు మీద రాసింది. ఐదు, అడ్డగీత, మూడువందల పదిహేడు. అంకెలు కొంచెం వంకరపోయాయి. ఫోను తీసింది. పదకొండుంబావు. పైన ఇంకా మంచు విడుతూ ఉంటుంది. ఆయన తలకి మఫ్లరు చుట్టుకుని కొత్త మడి గట్టున నడుస్తుంటాడు. ఫోను గదిలో ఉంటుంది. పదకొండు గింజలున్నాయని, సోమవారమని, రెండో కప్పు తనే తెస్తోందని, ఆయనకి ఇంకా తెలియదు. చెప్పే దారి లేదు.

క్యారియర్ తెచ్చుకుని చెట్టునీడలో కూర్చుంది. కవరు ఒళ్లో పెట్టుకుని దాని మీద చెయ్యి కప్పుకుంది. ఇంకా రెండు గంటలా పావు.